విలువిద్య నేర్చు విద్యార్థులకు బిళ్లలు, బహుమతులు

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



కార్యనిర్వాహకవర్గమువారు ఈ యేడు ఒక తీర్మానమును సభ ముందుంచ దలచినారు. మన సంఘమునకు చెందిన బాలబాలికలలో విలువిద్యయందు ప్రథమస్థానము నందినవారికి ప్రతి వత్సరము ఒక బంగారు పతకము నిచ్చుట దాని సారాంశము. దానిని బలపఱచుచు నాలుగు మాటలు చెప్పుడని మమ్ము కోరిరి. ఆ కోరికను మేము సగము మాత్రమే చెల్లింపగలము. విలువిద్యకు సంఘము చేయూత నిచ్చుట మాకు మనఃపూర్వకముగా సమ్మతము. పతకమును గూర్చి మాత్రము మాకు వేఱు అభిప్రాయము కలదు.

మేము విలుకాండ్రము కాము. ముప్పది యేండ్లకు పైగా తెలుగును, సంస్కృతమును బోధించి విశ్రాంతి పొందినవారము. మా పాఠశాలలో వెదురు విండ్లతో విలువిద్య ప్రారంభించిన దినములలో "ద్రోణాచార్యుల కథ చెప్పువారు మీరే గదా" యని వ్యాయామోపాధ్యాయుడు హాస్యమాడి, లెక్కల పుస్తకమును మా చేతి కిచ్చెను. నాటినుండి చాల యేండ్లు ఎండలో నిలుచుండి పరుల బాణములను లెక్కించితిమి. మాకున్న యధికార మంతమాత్రమే.

విలువిద్యలో పరీక్ష యనగానే మన మనసు భారతములోని యాదిపర్వమునకు పోవును. చెట్టుకొనపై నుంచిన కృత్రిమపక్షిని చూపి ద్రోణుడు శిష్యుల నొక్కొక్కరిని పిలిచెను. అర్జునునకు పక్షి కన్ను మాత్రమే కనబడెనని లోకమున వాడుక. వ్యాసభారతమున నున్నది కన్ను గాదు, శిరస్సు. ఈ సవరణను మేము ఎన్ని తరగతులలో చేసితిమో లెక్క లేదు; పిల్లలు మరల కన్నే వ్రాయుదురు. అది యటుండనిండు. గమనింప దగినది వేఱొకటి కలదు. తక్కిన శిష్యులచేత ఆచార్యుడు బాణము విడిపింపనే లేదు. ఏమి కనబడుచున్నదని యడిగెను, సమాధానము వినెను, తప్పుకొమ్మనెను. వారి బాణము గుఱికి జానెడు దూరమున పడునో, బారెడు దూరమున పడునో, మఱుసటి యేటి కది మూరెడైనను దగ్గఱకు వచ్చునో తెలిసికొను మార్గమే లేకపోయెను. తరువాత మొసలినుండి తన్ను కాపాడిన యర్జునునకు బ్రహ్మశిరోనామకాస్త్రము నిచ్చుచు, దానిని అల్పతేజులైన మనుష్యులపై ప్రయోగింపరాదని గురువు నియమము పెట్టెను. బహుమానముతోపాటు బాధ్యతను కూడ నిచ్చుట మెచ్చదగినదే. కాని యొక్కడు పైకి రాగా నూర్వురు ప్రేక్షకులైరి.

రంగస్థలమున నిలిచిన కర్ణుని కులగోత్రము లడిగినవాడు కృపాచార్యుడు. ఏకలవ్యుని సంగతి మీకు దెలియనిది కాదు. కులసంఘపు వేదికపై నిలిచి యీ రెండు కథలను జ్ఞాపకము చేయుట కొందఱికి రుచింపకపోవచ్చును. అయినను విలువిద్యకు బహుమతి పెట్టదలచినవారు వీనిని తప్పించుకొని పోజాలరు. భారత ప్రభుత్వము 1961లో అర్జునుని పేరను, 1985లో ద్రోణుని పేరను పురస్కారములను నెలకొల్పినది. మధ్యప్రదేశమువారు తమ పిన్నవయస్కులైన క్రీడాకారులకిచ్చు పురస్కారమునకు ఏకలవ్యుని పేరు పెట్టుకొనిరి. గిరిజనబాలుడై పుట్టిన లింబారాం 1991లో అర్జున పురస్కారమును, 2012లో పద్మశ్రీని పొందెను. బొటనవ్రేలు పోగొట్టుకొన్నవానికి ఇన్ని వేల యేండ్లకైన వడ్డీలో కొంత ముట్టిన దనుకొందము.

ఒక్కనికే బహుమతి యను నాచారము మన దేశమున మాత్రమే యున్నది కాదు. స్కాట్లండులోని సెంటాండ్రూస్ విశ్వవిద్యాలయమున 17, 18 శతాబ్దులలో విద్యార్థులు వెండి బాణముకొఱకు పందెము వేసెడివారు. గెలిచినవాడు తన పేరు, చిహ్నము చెక్కించిన వెండి బిళ్లను తన ఖర్చుతోనే చేయించి యా బాణమునకు వ్రేలాడదీయవలెను. ఆ బాణములును, బిళ్లలును నేటికిని అచ్చట భద్రముగా నున్నవి. గెలిచినవాడే బహుమతి చేయించుకొను పద్ధతి మన సంఘపు కోశాధికారిగారికి మిక్కిలి నచ్చవచ్చును గాని, వెండి కొనలేని యింటి బిడ్డ ఆ పందెములో ఎట్లు దిగునో మాకు బోధపడదు. ఇంగ్లండులోని హారో పాఠశాలలోను ఇట్టి వెండి బాణపు పందెముండి, 1771తో నిలిచిపోయినది. అభ్యాసము పేర పిల్లలు పాఠములు మానుటయు, పందెపు దినమున బయటివారు వచ్చి గందరగోళము చేయుటయు దానికి కారణములు.

ఇక రెండవ పద్ధతి. దీనినే మేము సభవారికి కొంచెము విపులముగా మనవి చేయ దలచితిమి.

గుఱిబిళ్లను మీలో ననేకులు చూచియుందురు. వెలుపలినుండి లోనికి తెలుపు, నలుపు, నీలము, ఎఱుపు, పసుపు అను అయిదు వన్నెలు. ఒక్కొక్క వన్నెలో రెండేసి వలయములు. వెలుపలి దానికి ఒకటి, నడిమి దానికి పది. ఒలింపిక్ పోటీలో డెబ్బది మీటర్ల దూరమున నుంచు గుఱిబిళ్ల వ్యాసము 122 సెంటీమీటర్లు; అందలి పదింటి వలయము 12.2 సెంటీమీటర్లు మాత్రమే. పిల్లలకిచ్చు బిళ్లల రంగులు పెక్కుచోట్ల ఈ వన్నెలనుండియే పుట్టినవి. తెల్లబిళ్ల మొదటిది, నల్లది, నీలము, ఎఱ్ఱది పిమ్మట, బంగారు వన్నెది పైది. బాలుని చొక్కాపై నున్న రంగును చూడగానే, వాడు గుఱిబిళ్లపై వెలుపలినుండి లోనికి ఎంత దూరము నడచి వచ్చెనో తెలియును.

ఇంగ్లండులో అనేక విలువిద్యా సంఘములు 252 అను సంఖ్యతో నొక పద్ధతిని నడుపుచున్నవి. ముప్పదియాఱు బాణములు వేయవలెను. అచ్చటి పాతలెక్కలో పసుపునకు తొమ్మిది, ఎఱుపునకు ఏడు, నీలమునకు అయిదు, నలుపునకు మూడు, తెలుపునకు ఒకటి. ముప్పదియాఱును ఏడుచే గుణింపగా 252. అనగా సగటున ప్రతి బాణమును ఎఱుపులో పడవలెనని యర్థము. ఇరువది గజముల దూరమున దీనిని సాధించినవానికి ఒక బిళ్ల, ముప్పది గజముల దూరమున మఱియొకటి, ఇట్లు నూఱు గజముల వఱకు. వింటి రకమును బట్టి ఆ సంఖ్య మాఱును. ప్రక్కవాడు ఎంత సాధించెనన్న ప్రశ్నయే లేదు. ఒక ఆదివారమున ఇరువదిమంది సాధించినచో ఇరువదిమందికిని బిళ్లలు. ఎవ్వరును సాధింపకున్నచో బిళ్లల పెట్టె మూతపడియే యుండును.

పెద్దలకును ఇట్టిదే యున్నది. నాలుగు దూరములలో 144 బాణములు వేసి 1440 పాయింట్లకు లెక్కించు పోటీయందు 1000, 1100, 1200, 1300, 1350, 1400 అను ఆఱు మెట్లకు ప్రపంచ విలువిద్యా సమాఖ్యవారు నక్షత్రపు బిళ్లల నిత్తురు. మొదటి మెట్లు నూఱేసి పాయింట్ల యెడము, పై మెట్లు ఏబదేసి. పైకి పోయినకొలది ఏబది పాయింట్లు సంపాదించుట క్రింది నూఱుకంటె కష్టమని యెఱిగినవా డెవ్వడో ఈ మెట్లను కట్టెను. పరీక్షలలో మార్కులు వేసిన మాకు ఆ మెట్లు చూచినప్పుడు అసూయ కలిగినది.

ఇచ్చట మా తప్పు నొకదానిని చెప్పుకొనవలసియున్నది. మేము పనిచేసిన పాఠశాలలో విలువిద్యకు ఒక్కటే కప్పు. వార్షికోత్సవమున ముప్పది మీటర్ల దూరమున ముప్పదియాఱు బాణములు, 360కి లెక్క. ఒక బాలుడు, తండ్రి బట్టలుతుకు వృత్తివాడు, మూడేండ్లు వరుసగా పోటీ చేసి మూడేండ్లును రెండవవాడయ్యెను. మూడవయేడు కప్పు చేజాఱిన పిమ్మట విల్లు తెచ్చి మా బల్లపై నుంచి, "ఇక రానండి, మాష్టారూ" యనెను. ఓటమిని సహింపలేని పిల్లవాడని మేము మందలించి పంపితిమి. పదవీవిరమణ దినమున పాత లెక్కల పుస్తకములను అప్పగించుచు తిరుగవేయగా వాని పుట కనబడెను. మొదటియేడు 141. రెండవయేడు 178. మూడవయేడు 226. ఆ యేడు గెలిచినవాడు 231; వానికి అంతకు ముందుటేడు 229 యుండెను. ఎనుబదియైదు పాయింట్లు పెరిగినవానిని ఓడినవా డంటిమి. రెండు పాయింట్లు పెరిగినవానికి దండ వేసితిమి. ఆ అంకెల నన్నిటిని వ్రాసినది మా చేయియే. కూడినదియు మేమే. ప్రక్కప్రక్కన పెట్టి చూడలేదు.

బిళ్లలు పంచినంతమాత్రమున నంతయు చక్కబడునని మేము చెప్పుట లేదు. వచ్చినవారి కందఱికిని ఏదో యొకటి తగిలించి పంపు సభలను మేము చూచితిమి. పిల్లలు ఆ బిళ్లలను ఇంటికి పోకముందే పోగొట్టుకొందురు. ఒక బాణము వెనుకకు మఱియొక బాణము దిగి చీల్చినచో రాబిన్‌హుడ్ అని పాశ్చాత్యులు పిలుతురు, దానికిని కొన్ని సంఘములు బిళ్ల నిచ్చును. అది వేడుకకే గాని, అందు యదృష్టపు పాలెక్కువ. బిళ్ల విలువ యంతయు లెక్క నిజాయితీలో నున్నది. బాణము గీతను తాకినచో లోపలి వలయపు విలువ నీయవలెను; లెక్క వ్రాయువఱకు బాణమును గాని, గుఱిబిళ్లను గాని యెవ్వరును ముట్టరాదు. ఈ రెండు నియమములను ఏమఱినచో బంగారు బిళ్లయు రేకుబిళ్లయే. సంస్కృతమున గుణ మను మాటకు వింటినారి యనియు, సద్గుణ మనియు రెండర్థములు గలవు. శ్లేషలు చెప్పుటకు ఇది తావు కాదు గాని, లెక్క వ్రాయువానికి రెండవది లేనిచో మొదటిది బిగించి ప్రయోజనము లేదు.

జపానువారి మార్గము వేఱు. అచ్చటి సంప్రదాయ విలువిద్యయగు క్యూదోలో విద్యార్థులును పరీక్షలకు కూర్చుందురు. శ్రేణి నిర్ణయించు పరీక్షలో వేయవలసినవి రెండే బాణములు. తొలి శ్రేణులలో గుఱి తగులుటకంటె నిలుచుండుట, విల్లెత్తుట, లాగుట, విడిచిన పిదప నిలుకడ మొదలగువానికే ప్రాధాన్యము. మన పిల్లలకు మొదటి బిళ్ల నిట్లే యీయవచ్చునని మా యాలోచన. గీత దాటకుండుట, ఆజ్ఞ లేనిదే బాణము సంధింపకుండుట, తోడివాని బాణములను తీసి యిచ్చుట వచ్చినవానికి తెల్లబిళ్ల. తక్కిన వన్నెలు లెక్కతో.

పోటీకి తగిన విల్లు, సరంజామా నేడు లక్షల రూపాయల మాట. అమెరికాలో కెంటకీ రాష్ట్రమున 2002లో ఆరంభమైన పాఠశాలల విలువిద్యా కార్యక్రమములో పిల్లలందఱును ఒక్క తీరు విండ్లనే పట్టవలెనను నియమ మున్నది. తండ్రి సంపద గుఱిబిళ్లపై పడదు. మన వెదురు విండ్లతో ఆ సమానత్వమును మనము చౌకలోనే సాధింపగలము.

తెలుగునాట ఈ విద్యకు నేడు లోటు లేదు. విజయవాడ బిడ్డ వెన్నం జ్యోతి సురేఖ 2017లో అర్జున పురస్కారమును పొందెను. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచెను. అదే నగరమునకు చెందిన బొమ్మదేవర ధీరజ్ 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో మిశ్రజట్టు పోటీయందు కంచుపతకమున కెదురుగా నిలిచి నాలుగవస్థానముతో తిరిగివచ్చెను. నాలుగవస్థానమునకు పతకము లేదు. అచ్చట అట్లే యుండవలెను. పదునొకండేండ్ల పిల్లల మైదానమున మాత్రము అట్లుండ నక్కఱలేదు.

కావున తీర్మానమునకు మా సవరణ యిది. బంగారు పతకమునకు దాతలిచ్చు ధనముతో వెదురు విండ్లు, బాణములు, గడ్డి గుఱులు కొని మన విద్యార్థివసతిగృహపు వెనుకనున్న స్థలమున నుంచవలెను. అయిదు వన్నెల ఇత్తడి బిళ్లలు చేయింపవలెను. ఏ వన్నెకు ఎన్ని పాయింట్లో ముందుగా గోడపై వ్రాయించి, ఏ సభ్యుని కుమారునికొఱకును దానిని మార్చరాదు. ప్రతి బిడ్డకును ఒక చిన్న లెక్కల పుస్తక మీయవలెను. ఆ మైదానమునకు వచ్చు పిల్లల కులమును అడుగరాదు. ఈ కడపటి మాట కార్యనిర్వాహకవర్గములో ఇద్దఱికి నచ్చలేదని మే మెఱుగుదుము. మన ధనము మన పిల్లలకే యనుట వారి వాదము. వసతిగృహపు గోడకు ఆవలి వీధిపిల్లలు కర్రపుల్లలతో విండ్లు చేసికొని యాడుచుండగా మన పిల్లలకు మాత్రమే గుఱి చూపుటకు మా వయసున మనసొప్పదు. ఓట్లు వేయునప్పుడు వారి వాదమును కూడ తూకము వేసి చూడుడు.

పోయిన మాసమున ఆ స్థలమును కొలిపించుచుండగా ఒక నడివయసువాడు పదేండ్ల కూతును చేత బట్టుకొని వచ్చి నమస్కరించెను. మేము గుర్తింపలేదు, పేరు చెప్పిన పిదప తెలిసినది. 226 పాయింట్ల బాలుడే. ఊరిలో ఇస్త్రీదుకాణము పెట్టుకొన్నాడట. ఇచ్చట విలువిద్య నేర్పెదరని విని వచ్చినాడు. కప్పు సంగతి గాని, మేము మందలించిన సంగతి గాని ఎత్తలేదు. "మాష్టారూ, ఇక్కడ లెక్క వ్రాస్తారా అండీ?" అని మాత్రమడిగెను. వ్రాయుదుమని సభవారి తరపున చెప్పి పంపితిమి. ఆ బిడ్డ మన కులమునకు చెందినది కాదు. మా మాట నిలుపుటయో, మానుటయో ఈ మధ్యాహ్నము మీరు చేతులెత్తు తీరును బట్టి యున్నది.