మొదటి గంట
(సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణమైనది. ఉగాది పచ్చడి పుచ్చుకొన్నాము. పిల్లల పాటలు విన్నాము. ఇంత చల్లని వేళ నిప్పు సంగతి ఎత్తుతున్నందుకు మన్నించండి. మేము రైల్వే ఆఫీసులో గుమాస్తా పని చేసేవారము. చదువు మెట్రిక్కుతో ముగిసినది. పాండిత్యము మావద్ద లేదు. పెద్దలు చెప్పగా విన్నది మీ ముందు పెట్టడమే మేము చేయగలిగిన పని.

మన కుటుంబాలలో మిల్లులలో, రేవులో, రైల్వేలో పనిచేసినవారి సంగతి అందరికీ తెలుసు. అగ్నిమాపక దళములో పనిచేసి పింఛను పుచ్చుకొంటున్నవారు ముగ్గురు మన మధ్య ఉన్నారని తెలిసినవారు తక్కువ. మేము ఆ ముగ్గురి ఇండ్లకు వెళ్ళి, "మీకు మొదట మ్రోగిన గంట జ్ఞాపకమున్నదా?" అని అడిగినాము. తమ పేర్లు చెప్పవద్దన్నారు, కనుక చెప్పము.

మొదటి పెద్దాయన అడగగానే నవ్వినారు. స్టేషనులో చేరిన మూడవనాటి సాయంకాలము గంట మ్రోగినది. ఒక బూటు కాలికి, రెండవది చేతిలో, అలాగే బండి ఎక్కినారట. వెళ్ళి చూస్తే ఒక చాల్‌లో ఎవరో ఇల్లాలు పొయ్యిమీద పప్పు మరచి, తాళమువేసి గుడికి పోయినది. పొగ, మాడు వాసన తప్ప మరేమీ లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఈయన నవ్వితే పై అధికారి, "తలుపు వెనుక ఏమున్నదో గంటకు తెలుసునా? రేపు కూడా ఇంత వేగముగానే ఎక్కు" అన్నాడట. "పనిచేసినన్నాళ్ళు ఆ మాటే నాకు మంత్రము బాబూ" అన్నారు.

రెండవవారి మొదటి పిలుపు గోనెసంచుల గిడ్డంగి. లోపల తన చేయి తనకు కనబడలేదు. ముందున్న నాయకుడు మెడపట్టి క్రిందికి వంచి, "నేలకు దగ్గరగా పాకు, గాలి అక్కడే ఉంటుంది" అన్నాడు. వేడిపొగ పైకి లేస్తుంది గనుక నేలను అంటి కొంచెము మంచి గాలి మిగులుతుంది. గొట్టములోనికి నీరు వచ్చేసరికి ఆ వడికి ఈయన వెల్లకిల పడినారట. పైన మంట ఆరినా గోనెల అడుగున నిప్పు రాజుకొంటూనే ఉన్నది. కట్టలన్నీ విప్పి తడిపేసరికి రెండు దినములు పట్టినది. "కనబడే మంటకంటె కనబడని నిప్పు చెడ్డది" అన్నారాయన.

మూడవవారు చాలసేపు మాట్లాడలేదు. ఇంటావిడ కాఫీ తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్ళిన తరువాత చెప్పినారు. రాత్రివేళ ఒక ఇంట నిప్పు. గుమిగూడినవారిని, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే, "ఎవరూ లేరు, అందరూ బయటికి వచ్చినారు" అని ఎవరో అన్నారు. ఆ మాట నమ్మి ముందువైపు మంట ఆర్పుతూ నిలిచినారు. వెనుక గదిలో లేవలేని ముసలాయన ఉన్నాడని పావుగంట తరువాత తెలిసినది. మోసుకొని వచ్చినారు గాని, ఆసుపత్రి చేరేలోపలే ప్రాణము పోయినది. "నాయనా, అబద్ధము చెప్పాలని ఎవరూ చెప్పలేదు. తెలియని మాట తెలిసినట్లు చెప్పినారు, అంతే" అన్నారు.

ఈ మూడవవారి మాట వింటుంటే ఈ నగరములో జరిగిన మహావిపత్తు మాకు తలపునకు వచ్చినది. 1944 ఏప్రిల్ 14వ తేదీ. యుద్ధకాలము. విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ నిలిచి ఉన్నది. కరాచీలో ఎక్కించిన పత్తి బేళ్ళు, సుమారు 1,400 టన్నుల ప్రేలుడు పదార్థాలు, బంగారపు కడ్డీలు కూడ అందులో ఉన్నవి. మధ్యాహ్నము 2 గంటల వేళ రెండవ అరలో పొగ కనిపించినది. అగ్నిమాపకులు వచ్చి 900 టన్నులకు పైగా నీరు పోసినారు. దట్టమైన పొగలో నిప్పు మూలము దొరకలేదు. పోసిన నీరే సలసల కాగినది. 4 గంటల 6 నిమిషాలకు ఓడ ప్రేలినది. 4 గంటల 34 నిమిషాలకు మరల ప్రేలినది. 12 కిలోమీటర్ల దూరాన కూడా కిటికీ అద్దాలు పగిలినవి. కామాఠిపుర, దాదరు, వర్లీ, మన పెద్దలు కాపురమున్న పేటలన్నీ ఆ దూరము లోపలివే. సిమ్లాలో భూకంప యంత్రాలు కూడా అదిరినవి. నిప్పు లొంగడానికి మూడు దినములు పట్టినది. వందలాది జనము మరణించినారు. వారిలో అగ్నిమాపకులే 66 మంది.

ప్రమాదకరమైన సరుకున్న ఓడ ఎర్రజెండా ఎత్తి ఉంచాలి. ఆ ఓడమీద ఆ జెండా లేదు. రైల్వేవారమైన మాకు ఈ మాట గుండెలో గ్రుచ్చుకొంటుంది. పట్టామీద పనివాండ్రుంటే ఎర్రజెండా పాతకుండా మావారు ఒక బోల్టు కూడా విప్పరు. ఒక గుడ్డపీలిక చెప్పవలసిన మాట చెప్పకపోతే ఎంత చేటో ఆనాడు తెలిసినది.

ఆ 66 మంది జ్ఞాపకార్థమే దేశమంతటా ఏప్రిల్ 14 అగ్నిమాపక సేవాదినము. 20వ తేదీవరకు వారోత్సవము. మన ఉగాదికి అది ఎప్పుడూ దగ్గరలోనే వస్తుంది. బైకలాలోని అగ్నిమాపక కేంద్రములో ఆ దినము పుష్పాంజలి ఘటిస్తారు. మన సంఘమునుండి కూడా ఒక పూలదండ అక్కడికి చేరాలని మా మనవి.

పూలదండతో ఋణము తీరదు. వారి మొదటి గంట మన చేతిలో ఉన్నది. 101కి గాని, 112కి గాని పిలిచేటప్పుడు నాలుగు మాటలు నిదానముగా చెప్పండి. ఎక్కడ, దగ్గరి గుర్తు ఏమిటి, మండుతున్నదేమిటి, లోపల ఎవరున్నారు. గ్యాసు సిలిండరున్నా, నూనె డబ్బాలున్నా దాచకండి. తెలియనిది తెలియదనండి. అవతలివారు సరేననేవరకు ఫోను పెట్టివేయకండి. ఒకరు వీధి మొగలో నిలిచి బండికి దారి చూపండి. చాల్ మెట్లమీద పాత పెట్టెలు, సైకిళ్ళు పేర్చకండి. గొట్టము మోసుకొని పైకి పరుగెత్తేవానికి ఆ జానెడు దారే ప్రాణము.

చివరకు మూడవ పెద్దాయనను, "మీ మనుమడిని ఈ పనికి పంపుతారా?" అని అడిగినాము. "పంపుతాను. పిలిచేవాళ్ళు నిజము చెప్పే ఊరికి పంపుతాను" అన్నారు. మన పేటలు అటువంటి ఊరు కావాలని కోరుతూ, అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలిపి సెలవు తీసుకొంటున్నాము.