చెదరిన గోత్రములు – స్వదేశపు వెలి

(చిత్తూరులో నొక పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



బైబిలునందు యెహెజ్కేలు గ్రంథము 37వ అధ్యాయమున నొక విషయము గలదు. ప్రవక్త రెండు కఱ్ఱలను గైకొని, యొకదానిపై యూదా పేరును, రెండవదానిపై ఎఫ్రాయిము పేరును వ్రాసి, రెంటిని నొక్కటిగ జేర్చి పట్టుకొనవలెనట. అన్యదేశములందు జెదరిన ఇశ్రాయేలీయులు మరల స్వదేశము జేరి యేకజాతి యగుదురని దాని తాత్పర్యము. క్రీ.పూ. 722 ప్రాంతమున అష్షూరు రాజులు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యమును గూల్చి ప్రజలను జెరగొనిపోయిరి. అట్లు జాడ తప్పినవని చెప్పబడు గోత్రములలో ఎఫ్రాయిము గోత్ర మొకటి.

ఈ ప్రాచీన వృత్తాంతముతో మనకేమి పని యని మీ రడుగవచ్చును. గుంటూరు జిల్లాలో చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెమను గ్రామము గలదు. అచ్చటి కొన్ని మాదిగ కుటుంబములవారు తామా ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకొని, 1991లో యూదుల ప్రార్థనామందిరమును నెలకొల్పుకొనిరి. తమకు బెనె ఎఫ్రాయిమని పేరిడుకొనిరి. శనివారమును విశ్రాంతిదినముగ బాటింతురు. గోమాంస భక్షణమును, మృతులను బూడ్చిపెట్టుటయును తమ ప్రాచీన వంశమునకు సాక్ష్యములని వాదింతురు. ప్రవచనానుసారముగ ఇశ్రాయేలు దేశమునకు బోవలెనని వారి కోరిక.

1950లో ఇశ్రాయేలు ప్రభుత్వము చేసిన శాసనము ప్రకారము యూదులకు ఆ దేశమున స్థిరపడు హక్కు గలదు. అయితే యెవరు యూదులు? ఈ ప్రశ్న కుత్తరము చెప్పువారు ద్వారముకడ నున్నవారే. మణిపురము, మిజోరము ప్రాంతముల బెనె మెనాషే వారిని చెదరిన ఇశ్రాయేలు సంతతిగ నచ్చటి ప్రధాన మతాచార్యుడు 2005లో నంగీకరించెను. అయినను వారు మతస్వీకార విధులు జరుపుకొనవలసియే వచ్చెను. కొత్తరెడ్డిపాలెము వారికి అట్టి యంగీకారము లభింపలేదు.

న్యాయవాదులమైన మేము ఋజువు లేనిదానిని ఋజువైనదని చెప్పజాలము. వీరికి శాసనము లేదు; వంశావళి లేదు. కాని తరతరములుగ నక్షరమునకు దూరముగ నుంచబడినవారిని నేడు పత్రము తెమ్మని యడిగి, తేలేదని పరిహసించుట న్యాయమగునా?

విచారింపవలసిన విషయము వేఱొకటి గలదు. మాదిగలకు జాంబపురాణమున్నది. భూమి పుట్టకముందే తమ మూలపురుషుడు జాంబవుడు పుట్టెనని యది చెప్పును. 1878 జులై 3న ఒంగోలు మిషనువారి చేత నొక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో మాదిగలే పెక్కుమంది. నేడు కొందఱు ఎఫ్రాయిమును దలచుచున్నారు. కథలు వేఱైనను, తాము పుట్టుకచే హీనులము కామను మాట యొక్కటియే.

అంటరానితనమును రాజ్యాంగము 17వ అధికరణము రద్దు చేసెను. అయినను 1950 నాటి షెడ్యూల్డు కులముల యుత్తరువు హిందూ, సిక్కు, బౌద్ధ మతములవారికే వర్తించును. కావున తాను క్రైస్తవుడననియో యూదుడననియో బాహాటముగ జెప్పుకొన్న మాదిగ యా రక్షణను గోల్పోవును. పేరు మాఱినను ఊరివారి దృష్టి మాఱదు. రక్షణ మాత్రము పోవును.

ప్రవచనము నెఱవేరునా లేదా యను తీర్పు మనది కాదు. తన గ్రామమునందే వెలియైనవాడు దూరదేశమున స్వదేశమును వెదకుకొనుటలో నాశ్చర్యమేమి? చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెలలో ఊరిబయట వాడలు లేవా? కొత్తరెడ్డిపాలెము వారు పోయినను నిలిచినను, ఆ వాడలవారికి ఈ దేశము స్వదేశమని యనుభవమునకు దెచ్చుట మన విధి. అందులకు ప్రవక్తలకై వేచియుండ నక్కఱలేదు.