ధర తగ్గడం వేరు, పెరుగుదల తగ్గడం వేరు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ద్రవ్యోల్బణం తగ్గింది" అని పేపర్లో పడినప్పుడల్లా మనవాళ్లు నన్ను అడుగుతుంటారు: "మరి బజార్లో కందిపప్పు ధర తగ్గలేదేమండీ?" అని. జవాబు తెలియాలంటే ముందు 'డిఫ్లేషన్' అనే మాట తెలియాలి.

టైరులో గాలి తీయడాన్ని ఇంగ్లీషులో డిఫ్లేషన్ అంటారు. ఆర్థిక శాస్త్రంలో మాత్రం, ధరల స్థాయి మొత్తం మీద కిందికి దిగడం అని అర్థం. తెలుగులో ప్రతి ద్రవ్యోల్బణం అంటున్నాం.

100 రూపాయల సరుకులు ఏడాదికి 110 అయ్యాయి, మరుసటి ఏడాదికి 113 అయ్యాయి అనుకోండి. ద్రవ్యోల్బణం 10 శాతం నుంచి 3 శాతం లోపుకు వచ్చింది. ధర మాత్రం దిగలేదు, నెమ్మదిగా ఎక్కుతూనే ఉంది. దీన్ని డిస్‌ఇన్‌ఫ్లేషన్ అనాలి. 113 కాస్తా 110 అయితేనే డిఫ్లేషన్. అదీ ఒక్క ఉల్లిపాయ ధర తగ్గితే చాలదు.

ఈ తేడా మన పెన్షనుకు సంబంధించినది. 2009 జూన్‌లో టోకు ధరల సూచీ అంతకు ముందు ఏడాది కంటే దిగింది. 2008లో మండిపోయిన చమురు ధర ఆ తర్వాత పడిపోవడం అందుకొక ముఖ్య కారణం. డిఫ్లేషన్ వచ్చిందన్న మాట అప్పుడు బాగా వినిపించింది. అదే నెలలో పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీ మాత్రం 9 శాతం పైగా పెరిగింది. తిండి సరుకులకు అందులో పాలు ఎక్కువ. మన కరువు భృతి లెక్క కట్టేది ఈ రెండో సూచీ మీదే. టోకు సూచీ మీద కట్టి ఉంటే మన గతి ఏమయ్యేదో ఆలోచించండి.

పోనీ, నిజంగానే అన్ని ధరలూ తగ్గితే మనకు మేలే కదా అనవచ్చు. అమెరికాలో 1929 నుంచి 1933 లోపు ధరలు దాదాపు నాలుగో వంతు పడ్డాయి. 1933 నాటికి పనివారిలో సుమారు నాలుగో వంతుకు పని లేదు. సరుకు అమ్ముడుపోక కర్మాగారాలు మూతపడితే మన పిల్లల జీతాలు ఏమవుతాయి? ఇంటి అప్పు వాయిదా మాత్రం ఒక్క రూపాయి తగ్గదు.

కాబట్టి ఎవరైనా "ధరలు తగ్గాయి, ఇక భృతి పెంపు ఎందుకు?" అంటే రెండు ప్రశ్నలు వేయండి. ఏ సూచీ తగ్గింది? తగ్గింది ధరా, పెరిగే వేగమా?