విచెంత్సా పల్లెలో పాత మేడ

కిందటి వేసవిలో నేను ఏడు దినములు ఇటలీ దేశమున, విచెంత్సా పట్టణమునకు దక్షిణముగా బేరిచీ కొండల దాపున నున్న యొక పల్లెలో, నాలుగు వందల యేండ్లు దాటిన మేడయందు కాపురముంటిని. చుట్టరికమున గాదు, అద్దెకు. ఆ మాట వినిన మా యూరి మిత్రు లొకరు, "అంత దూరం పోయి పాత కొంపలో దిగడమెందుకండీ, హోటలు దొరకలేదా?" అని యడిగిరి. వారికి నేనప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్పుటకు ప్రయత్నించెదను.

ముప్పదినాలుగేండ్లు తెలుగు పండితుడనుగా పాఠములు చెప్పి బ్రతికినవానికి ఇట్టి విలాసము తనంత తోచునది కాదు. మా అమ్మాయియు అల్లుడును జర్మనీ దేశమున మ్యూనిచ్ నగరములో ఉద్యోగములు చేయుచున్నారు. వారును, మఱియొక తెలుగు కుటుంబమువారును కలిసి వారమునకు 3,200 యూరోలకు ఈ మేడను పుచ్చుకొనిరి. మేము పదిమందిమి. తలకు పంచి చూచిన హోటలు గదికన్న మించలేదని అల్లుడు లెక్క వేసి చూపెను. ఉదయము బయలుదేరి, బ్రెన్నరు కనుమ దాటి, వెరోనా మీదుగా సాయంకాలమునకు చేరితిమి. దారిని గూర్చి చెప్పవలసినది లేదు. చాల భాగము నిద్రపోతిని.

నిద్రపట్టని భాగమున నా మనస్సులో నున్నది వేఱు. ముందటి రాత్రి కోనసీమనుండి మా తమ్ముడు ఫోను చేసెను. మా తాతగారు కట్టించిన మండువా లోగిలి మా యిద్దఱి పేర నున్నది. అందెవరును కాపురము లేక పదునొకండేండ్లయినది. కలప వర్తకుడొకడు వచ్చి, టేకు స్తంభములును దూలములును లెక్కించి, సింహద్వారముతో సహా అన్నిటికి ఒక ధర చెప్పి పోయెనట. "అన్నయ్యా, నువ్వు తిరిగి వచ్చేసరికి ఏదో ఒకటి తేల్చాలి. వానలు పట్టుకుంటే ఉత్తరపు వసారా నిలవదు" అనెను. ఇంటిని అద్దెకిచ్చుట యనిన మా తండ్రిగారికి సరిపడెడిది కాదు. నాకును అంతే. ఆ యభిప్రాయముతోనే నేను అద్దె యింట కాలు పెట్టితిని.

విల్లా యను మాట వినగానే మనకు సుఖపురుషుల విహారగృహము స్ఫురించును. వెనీసు రాజ్యమున ఆ మాటకు వ్యవసాయ క్షేత్రమను నర్థము కలదు. అచ్చటి శ్రీమంతులు తరతరములుగా సముద్రవ్యాపారమున ధన మార్జించినవారు. మన మలబారు మిరియములు అరబ్బుల చేతులమీదుగా వారి యోడలకెక్కి ఐరోపాకు పోయెడివి. 1498లో వాస్కో డ గామా కోళికోడు రేవు చేరుటతో ఆ దారికి పోటీ యేర్పడెను. వెనీసు వర్తకము ఒక్కనాట కూలలేదు; కాని ధనవంతులు సముద్రమునుండి చూపు త్రిప్పి నేలవైపు చూడసాగిరి. బీడు భూములను, చిత్తడి నేలలను బాగుచేయించుటకై 1556లో ఆ ప్రభుత్వము ప్రత్యేకాధికారులనే నియమించెను. పొలము చూచుకొనుటకు యజమానులు పల్లెకు వచ్చి యుండవలసి వచ్చెను. ఉండుటకు ఇల్లు కావలసెను. ఆ విధముగా పుట్టినవి యీ మేడలు. మన మిరియములు దారి తప్పకున్న ఇందు కొన్ని లేచెడివే కావని నేననిన అల్లుడు నవ్వెను గాని, కాదనలేదు.

వీనిని కట్టినవారిలో ప్రసిద్ధుడు ఆంద్రెయా పల్లాదియో. 1508లో పాదువాలో ఒక తిరగలి మర పనివాని కుమారుడుగా పుట్టి, రాళ్లు చెక్కు పని నేర్చి, బ్రదుకు సగము గడచువఱకు సామాన్యమైన శిల్పిగా నుండెను. త్రిస్సినో యను విద్వాంసుడొకడు అతని ప్రజ్ఞ కనిపెట్టి, చదువు చెప్పి, రోమునకు తీసికొనిపోయి ప్రాచీన కట్టడములు చూపించి, పల్లాదియో యను పేరు కూడ తానే పెట్టెను. ఉపాధ్యాయులకు ఇట్టి కథలు మిక్కిలి యిష్టము, మన్నింపుడు. ఆ శిష్యుడు 1570లో ప్రకటించిన వాస్తుగ్రంథము నాలుగు సంపుటములును నేటికిని శిల్పులకు పాఠ్యములు. విచెంత్సా పట్టణమును 1994లోను, చుట్టుపట్ల జిల్లాలలోని అతని విల్లాలను 1996లోను యునెస్కోవారు ప్రపంచ వారసత్వమున చేర్చిరి.

మేము దిగిన మేడ పల్లాదియో కట్టినది కాదు. ఆ కాలపుదే, పేరు తెలియని మేస్త్రీలది. ముందు మూడు కమానుల వసారా, దాని వెనుక ఇంటి పొడుగునను సాగిన నడిమి చావడి, ఇరుప్రక్కల గదులు. నేల సున్నములో చలువరాతి పలుకులు కలిపి, దిమ్మిసతో బిగించి, నునుపుగా అరుగదీసి, అవిసె నూనె పట్టించినది. వట్టి కాళ్లతో నడచినప్పుడు మా యింటి పాత గచ్చే జ్ఞప్తికి వచ్చెను. పడకగదులు కొన్ని కప్పు క్రింది అటకలో నుండెను. అందలి కిటికీలు జానెడు నేలకెత్తున, చదరముగా, చిన్నవిగా నుండెను. నేను రెండు మారులు దూలమునకు తల కొట్టుకొంటిని. కారణమడుగగా, అది పూర్వము గోధుమలును మొక్కజొన్నలును పోసికొను గాదె యనియు, ఆ కిటికీలు ధాన్యమునకు గాలి తగులుటకే యనియు తెలిసెను. "అయితే మనల్ని ధాన్యపు కొట్లో పడుకోబెట్టారన్నమాట!" అని మా యింటావిడ యనెను. ఆమె మాట యథార్థము. రాణివాసము వంటి చావడి క్రింద, గాదె పైన. ఈ మేడల సౌందర్యమంతయు పని చేయుచున్న సౌందర్యము.

ఇంటిని చూచుకొను వృద్ధురాలొకతె ప్రతి ఉదయము వచ్చెడిది. ఆమెకు ఇటాలియను తప్ప రాదు. అల్లుడు చేతి ఫోను సాయముతో మాటలు మార్చుచుండెను. చావడి స్తంభములు రాతివని నేను మెచ్చుకొనగా, ఆమె నవ్వి, అడుగుభాగమున చిన్న పెచ్చు చూపెను. లోపల ఇటుక! పల్లాదియో కూడ పలుచోట్ల అట్లే చేసెను: స్తంభము ఇటుకది, పైపూత సున్నము, పీఠమును శిరస్సును మాత్రము రాయి. మఱియొక గోడ చూపి ఆమె తన బాధ చెప్పెను. వెనుకటి యజమాను లెవరో ఆ గోడకు సిమెంటు పూయించిరట. పాత యిటుక గోడ నేలనుండి తేమ పీల్చును. సున్నపు పూత ఆ తేమను మెల్లగా బయటికి విడుచును. సిమెంటు దానిని విడువదు. లోపల చిక్కిన తేమ ఉప్పుతో కూడి ఇటుకనే పిండి చేయును. మరమ్మతు చేసినవారు ఆ సిమెంటంతయు గొట్టి, మరల సున్నమే వేయవలసి వచ్చెనట. నేను గోడమీద చేయి వేసి కొంతసేపు మాటలాడక నిలిచితిని. మా ఉత్తరపు వసారా గోడకు పదునైదేండ్ల క్రిందట దగ్గఱ నిలువబడి సిమెంటు పూయించినవాడను నేనే. వర్తకుడు చూచిన బీటలు ఆ గోడవే.

ఇక ఈతకొలను. పిల్లలకు మేడతో పనిలేదు. వారు వచ్చినది దానికొఱకే. పన్నెండు మీటర్ల పొడవున నది ఇంటి వెనుక, దూరముగా, పొదల మాటున నుండెను. ముంగిట నేల కట్టలేదనిన, రక్షిత కట్టడములలో ఏ మార్పు చేయవలెనన్నను ముందుగా ప్రభుత్వ పరిరక్షణ శాఖవారి యనుమతి కావలెననియు, ఇంటి ముఖము చెడగొట్టు పనిని వారు సమ్మతింపరనియు చెప్పిరి. 2004 నాటి ఇటలీ శాసనము ఈ విషయమున మిక్కిలి కఠినము. కొలనుకు కంచె మాత్రము లేదు. మా మనుమనికి ఏడేండ్లు. రెండవనాటి మధ్యాహ్నము పెద్దలందఱు ఇతరుడు చూచుచున్నాడనుకొని భోజనముల వద్ద నుండగా వాడొక్కడే గట్టున కూర్చుండి కాళ్లు నీట ఆడించుచుండెను. మా యింటావిడ చూచి పరుగెత్తెను. ఏమియు కాలేదు, కాని ఆ పూట యెవరికిని అన్నము సహింపలేదు. అది మొదలు గంటకొకరము వంతులు వేసికొని కాపలా కూర్చుంటిమి. ఫ్రాన్సు దేశమున 2003 నాటి చట్టము ఇండ్ల ఈతకొలనులకు కంచెయో, కప్పో, హెచ్చరిక యంత్రమో యుండవలెనని విధించినది. పసివారితో పోవువారు ఏ దేశమందైనను ఈ ప్రశ్నను సొమ్ము కట్టక ముందే అడుగవలెను.

నేనును నీట దిగితిని. గోదావరి కాలువలో నేర్చిన ఈత మఱపు రాలేదు. వెల్లకిల తేలుచు మేడ వెనుకతట్టును చూచుచుండగా, ప్రథమ శతాబ్దపు రోముదేశీయుడు ప్లినీ తన లేఖలలో సముద్రతీరపు తన యింటిలో వెచ్చని కొలను కలదనియు, ఈదువారికి అందుండి సముద్రము కనబడుననియు వ్రాసిన మాట జ్ఞప్తికి వచ్చెను. ఆ దేశమున కొలను కొత్త వేడుక కాదు.

కాని నాలుగవనాడు మాజేరు గ్రామమున బార్బరో సోదరుల విల్లా చూచిన పిదప మా కొలను నాకు చిన్నవోయెను. అది పల్లాదియో కట్టినదే. వెరోనేజే గోడలనిండ చిత్రములు వ్రాసెను. సగము తెఱచిన తలుపు చాటునుండి ఒక బాలిక తొంగిచూచుచుండును. తలుపును బాలికయు గూడ గోడమీది బొమ్మలే. మా యింటావిడ పలుకరింపబోయి సిగ్గుపడెను. నన్నాకర్షించినది వెనుక నున్న నీరు. కొండనుండి ఊట పుట్టి మొదట అర్ధచంద్రాకారపు గోడ ముందఱ చిన్న కొలనై చేపలకు నెలవగును. ఆ నీరే వంటింటికి పోవును. వంటింటినుండి బాటకిరువైపుల తోటలు తడుపును. అచ్చటినుండి పెద్ద బాట ప్రక్కన పశువులు త్రాగు తొట్లకు చేరి, చివరకు పండ్లతోటకు పోవును. పల్లాదియో తన గ్రంథమున ఈ క్రమమంతయు తానే వివరించెను. ఒకే నీటికి ఇన్ని పనులు! మా కొలనులోని నీరు మందుల వాసన వేయుచు, మరలో వడకట్టబడి, మరల అందే తిరుగుచుండును. మొక్కకు కూడ పనికిరాదు.

మఱునాడు దాపుననే యున్న ఆగుల్యారో పల్లెలో సరచేనో విల్లా చూచితిమి. పల్లాదియో గీచిన పటమున రెండు రెక్కలతో పెద్ద కట్టడము. కట్టినది నడిమి యిల్లు మాత్రమే. శతాబ్దములు రైతుల చేతులలో నుండి శిథిలమైనది. ఇంగ్లండులో 1965లో స్థాపింపబడిన లాండ్‌మార్క్ ట్రస్ట్ అను ధర్మసంస్థ దానిని 1989లో కొని బాగుచేయించి, విహారార్థులకు అద్దెకిచ్చుచున్నది. పడిపోనున్న పాత కట్టడములను ఎత్తి నిలిపి, వచ్చు అద్దెతో వానిని కాపాడుటయే వారి వృత్తి. వస్తుప్రదర్శనశాలగా చేసి త్రాడు కట్టలేదు. వంట చేసికొను యిల్లుగా నుంచిరి. ఇంట మనుష్యులు మసలుటయే ఇంటికి మందని మా తాతగారు కూడ అనుచుండెడివారు. ఆ మనుష్యులు తన వంశమువారే కావలెనని మాత్రము ఆయన భావము.

వెళ్లదలచినవారికి రెండు మూడు మాటలు. అద్దె సామాన్యముగా శనివారమునుండి శనివారమునకు. కడపటి శుభ్రతకు, కొలను వెచ్చజేయుటకు, పట్టణపు పన్నునకు వేఱుగా నడుగుదురు, ముందే తేల్చుకొనుడు. అతిథుల వివరములు పోలీసువారికి పంపవలెను గనుక పాస్‌పోర్టులడిగినచో కోపింపకుడు. 2025నుండి ఇటలీలో ఇట్టి యిండ్లకన్నిటికి జాతీయ గుర్తింపు సంఖ్య యుండవలెను. ప్రకటనలో అది లేని యిల్లు పుచ్చుకొనకుడు. ఆ మైదానపు దోమలు మన దోమలకేమియు తీసిపోవు.

చివరి ఉదయము వృద్ధురాలు చెంచాలు లెక్కపెట్టెను. పగిలిన పళ్లెమొకటికి 8 యూరోలు మినహాయించి, ధరావతు తిరిగి యిచ్చెను. నేను వసారాలో నిలిచి తమ్మునికి ఫోను చేసితిని.

"వర్తకుడికి మాట యివ్వకు. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీ యెవరైనా మిగిలి ఉన్నారేమో కనుక్కో. ఉత్తరపు గోడ సిమెంటు కొట్టించాలి."

"కొట్టించి? అందులో ఉండేదెవరు?"

"ఎవరైనా వస్తారేమో. అద్దెకు."

అవతల చాలసేపు మాట లేదు. "నువ్వేనా అన్నయ్యా, ఈ మాట అంటున్నది?" అనెను.

మేస్త్రీ దొరికెను. అమలాపురము ప్రక్క పల్లెలో నుండును; డెబ్బదియేండ్లు. కొడుకులకు ఆ పని రాదు. సిమెంటు కొట్టించుటయు, పెంకులు సర్దించుటయు అయినవి. నా పెన్షను సొమ్ములో ఎంత పోయినదో మా యింటావిడకు తెలియును. అద్దెకెవ్వరును ఇంకను రాలేదు. వర్తకుడు నెలకొకమారు ఫోను చేయుచునే యున్నాడు.