ఇంటిపన్ను రశీదు పట్టా కాదు

నిజామాబాద్‌లో గానీ బోధన్‌లో గానీ సర్కారు జాగాలో ఇల్లు కట్టుకున్నవాళ్లను అడగండి, ఇంటిపన్ను రశీదు తీసి చూపిస్తారు. పన్ను కట్టినంత మాత్రాన జాగా మనదైపోదు.

2014 డిసెంబరు 30న తెలంగాణ ప్రభుత్వం 58, 59 జీవోలు తెచ్చింది. అభ్యంతరం లేని సర్కారు స్థలంలో ఉంటున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా ఇస్తామంది. పట్టా ఇంటి ఆడమనిషి పేరున ఇవ్వాలన్నారు, అది మంచి పనే. జాగా అంతకు మించితే 59వ జీవో కింద సొమ్ము కట్టాల్సి వచ్చేది. ఆక్రమణ 2014 జూన్ 2కు ముందుదై ఉండాలన్నారు; 2023లో ఆ తేదీని 2020 జూన్ 2కు జరిపారు. అంతకుముందు నుంచే ఉంటున్నామని చూపడానికి మాత్రం ఆ పన్ను రశీదు, కరెంటు బిల్లు అక్కరకొచ్చేవి.

చెరువు శిఖంలో, అంటే చెరువు నీరు నిలిచే జాగాలో, కట్టుకుంటే ఏ జీవో ఆదుకోదు.