మచ్చ చెప్పే సాక్ష్యం: ఆశ్రయం కోరేవారికి న్యాయ సహాయం



సైన్సు చెప్పే నేను ఈ రోజు న్యాయస్థానం గురించి మాట్లాడబోతున్నానంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. ప్రయోగశాలలో మనం పదేపదే వేసుకునే ప్రశ్న ఒకటుంది: "ఈ ఫలితానికి ఇంకేదైనా కారణం ఉండవచ్చా?" ఈ ప్రశ్న మీదనే ఒక మనిషి భవితవ్యం ఆధారపడిన సందర్భాన్ని ఇప్పుడు పరిశీలిద్దాం.

ముందుగా నిర్వచనం. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెంది ఉండటం, రాజకీయాభిప్రాయం. ఈ ఐదింటిలో ఏదో ఒక కారణంగా తనను హింసిస్తారన్న సహేతుకమైన భయంతో స్వదేశం వెలుపల ఉండి, ఆ దేశపు రక్షణ పొందలేని వ్యక్తిని శరణార్థి అంటారు. 1951లో జెనీవాలో కుదిరిన ఒప్పందం ఇచ్చిన నిర్వచన సారాంశం ఇది. ప్రాణానికి గాని స్వేచ్ఛకు గాని ముప్పు ఉన్న చోటికి శరణార్థిని తిప్పి పంపరాదని దాని 33వ అధికరణం చెబుతుంది. మినహాయింపులు చాలా కొద్ది. కోర్టును ఆశ్రయించే హక్కు 16వ అధికరణంలో ఉంది.

అయితే తన భయం నిజమని ఆశ్రయం కోరే మనిషే చూపించాలి. ఎలా చూపిస్తాడు? హింసించినవాడు రసీదు రాసి ఇవ్వడు కదా! చాలాసార్లు మిగిలే సాక్ష్యాలు రెండే: అతని మాట, అతని శరీరం.

శ్రీలంకకు చెందిన ఒక తమిళుడు 2011లో బ్రిటన్‌లో ఆశ్రయం కోరాడు. నిర్బంధంలో తనను కాల్చిన ఇనుప కడ్డీలతో హింసించారని చెప్పాడు. అతని చేతి మీద, వీపు మీద కాలిన మచ్చలున్నాయి. చేతి మచ్చల అంచులు చెదిరి ఉన్నాయి. వీపు మీది మచ్చల అంచులు స్పష్టంగా ఉన్నాయి. ఈ తేడా ఎందుకు? చేతిని కాల్చినప్పుడు స్పృహలో ఉన్నాననీ, ఆ బాధకు స్పృహ తప్పాననీ, వీపు మీద కాల్చింది ఆ తరువాతేననీ అతను చెప్పాడు. స్పృహలో ఉన్న మనిషి కదులుతాడు, స్పృహ లేని మనిషి కదలడు. మచ్చల రూపం ఈ కథనంతో సరిపోతున్నదని వైద్యుడు నివేదిక ఇచ్చాడు.

ట్రిబ్యునల్ నమ్మలేదు. ఆశ్రయం కోసం అతనే మరొకరిచేత కాల్పించుకుని ఉండవచ్చునని భావించింది. అప్పీలు కోర్టులో కూడా 2017లో అతను ఓడిపోయాడు. అయితే ఒక న్యాయమూర్తి విభేదించారు. చివరకు 2019 మార్చి 6న బ్రిటన్ సుప్రీంకోర్టు కేసును తిరిగి విచారించమని ఆదేశించింది. ఒక మనిషి అంతటి గాయాలను కోరి చేయించుకోవడం ఎంత అరుదో గుర్తుంచుకోవాలన్నది. మచ్చ దేనివల్ల పడిందో చెప్పి వైద్యుడు ఆగిపోనక్కరలేదనీ, ఏ పరిస్థితుల్లో పడిందన్న కథనంతో పొసగుతున్నదో లేదో కూడా చెప్పవచ్చుననీ స్పష్టం చేసింది.

ఇలాంటి నివేదికలకు ఒక కొలమానం ఉంది. 1999లో ఐక్యరాజ్యసమితికి సమర్పించిన 'ఇస్తాంబుల్ ప్రొటోకాల్' ఐదు మెట్లు నిర్దేశించింది. మొదటి మెట్టు: గాయానికీ కథనానికీ పొంతన లేదు. రెండవది: పొంతన ఉంది, కాని వేరే కారణాలు చాలా ఉండవచ్చు. మూడవది: వేరే కారణాలు కొద్దిగానే ఉన్నాయి. నాలుగవది: అటువంటి హింసలో సాధారణంగా కనిపించే గాయమే. ఐదవది: మరే విధంగానూ ఏర్పడే వీలు లేదు. చూశారా, మన ప్రయోగశాల ప్రశ్నే ఇక్కడ మెట్టుమెట్టుగా నిలబడింది!

ఇందులో న్యాయవాది పాత్ర ఏమిటి? తగిన వైద్యుని దగ్గరకు పంపడం, ఇతర కారణాలను కూడా పరిశీలించమని కోరడం, దుబాసీ చెప్పిన మాటలను సరిచూడటం, అప్పీలు గడువు దాటకుండా చూడటం. తీవ్రమైన బాధను అనుభవించినవారు ఒకే సంఘటనను రెండుసార్లు చెబితే వివరాల్లో తేడాలు రావచ్చునని పరిశోధనలు తెలిపాయి. ఆ తేడాలన్నీ అబద్ధాలు కావని కోర్టుకు వివరించవలసింది కూడా న్యాయవాదే. భాష రాని దేశంలో, చేతిలో డబ్బు లేని మనిషి ఇవన్నీ ఒంటరిగా చేసుకోగలడా? అందుకే ఉచిత న్యాయ సహాయం అవసరం.

మన దేశం 1951 ఒప్పందంపై సంతకం చేయలేదు. అయినా రాజ్యాంగం 21వ అధికరణంలో 'పౌరుడు' అని కాక 'వ్యక్తి' అని ఉంది. 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మాల కేసులో మన సుప్రీంకోర్టు ఈ రక్షణ పౌరులు కానివారికీ వర్తిస్తుందని చెప్పింది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం, నిర్బంధంలో ఉన్న వ్యక్తి ఉచిత న్యాయ సహాయం పొందవచ్చు.

సుప్రీంకోర్టు ఆ తమిళునికి నేరుగా ఆశ్రయం ఇవ్వలేదని గమనించండి. అతని సాక్ష్యాన్ని సక్రమంగా తూచమన్నది. అంతవరకు రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. అతని పక్షాన వాదించేవారే లేకపోతే ఏమయ్యేది? ఈ ప్రశ్నను మీ తరగతిలో చర్చించండి. సెలవు.