ఆ 86 ఎవరి మెషీన్‌ది? గేమ్ రివ్యూ స్కోర్ల వెనక కథ

ఈరోజు కొత్త గేమ్ రివ్యూ లేదు. ముందు ఒక సారీ ఉంది, అది చెప్పేసి అసలు విషయంలోకి వెళ్తా.

కొన్ని నెలల క్రితం ఈ ఛానల్లో ఒక గేమ్‌కి 8.5 ఇచ్చాను. గేమ్ పేరు ఇప్పుడు అనవసరం. ఆ వీడియో కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అన్నా, నువ్వు 8.5 ఇచ్చావని కొన్నా. పండక్కి మా మామయ్య ఇచ్చిన డబ్బులు. నా ల్యాప్‌టాప్‌లో మెనూ దాటడానికే అరగంట పట్టింది. తర్వాత గేమ్ ఆడుతున్నానో, పెళ్లి ఆల్బమ్ తిప్పుతున్నానో అర్థం కావట్లేదు. సెట్టింగ్స్ మార్చుకుంటూ కూర్చునేసరికి రీఫండ్ టైమ్ కూడా అయిపోయింది." తిట్టలేదు. చివర్లో నవ్వే ఎమోజీ కూడా పెట్టాడు. తిట్టుంటే ఇంత గుచ్చుకునేది కాదేమో.

వెళ్లి నా వీడియో నేనే మళ్లీ చూసుకున్నా. పన్నెండు నిమిషాల వీడియోలో ఏ మెషీన్ మీద ఆడానో ఒక్కసారి కూడా చెప్పలేదు. నాది 32 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 4070 ఉన్న డెస్క్‌టాప్. అతనిది 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 ఉన్న ల్యాప్‌టాప్. బీటెక్ అయ్యాక కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను కదా, మా ఫీల్డ్‌లో ఒక డైలాగ్ ఉంటుంది. టెస్టర్ బగ్ ఉందని వస్తే డెవలపర్ తల కూడా ఎత్తకుండా "నా మెషీన్‌లో పనిచేస్తోందే" అంటాడు. నేను ఇచ్చిన 8.5 సరిగ్గా ఆ డైలాగే.

ఈ కథ పెద్ద లెవల్లో ఎలా జరిగిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సైబర్‌పంక్ 2077. రిలీజ్ 2020 డిసెంబర్ 10. దానికి కొన్ని రోజుల ముందే రివ్యూలు వచ్చేశాయి, మెటాక్రిటిక్‌లో 90 దగ్గర తిరిగింది. జనం ఎగబడి కొన్నారు. కానీ ఆ ముందు రివ్యూలన్నీ పీసీ వెర్షన్ మీదే. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ కాపీలు అప్పటికి రివ్యూయర్ల చేతికే రాలేదు. వీడియో రివ్యూల్లో కూడా కంపెనీ ఇచ్చిన ఫుటేజే వాడాలని కండిషన్. అంటే రాసినవాళ్లు అబద్ధం రాయలేదు. వాళ్ల మెషీన్‌లో వాళ్లకి కనిపించింది రాశారు. పాత కన్సోల్ ఉన్నవాళ్లు ఆ నంబర్‌ని తమ నంబర్ అనుకున్నారు.

రిలీజయ్యాక పీఎస్4 వెర్షన్ రివ్యూలు వస్తే ఆ స్కోర్ 60 కూడా దాటలేదు. పీసీది చివరికి 86 దగ్గర ఆగింది. ఒకే గేమ్, ఒకే పేరు, మధ్యలో దాదాపు ముప్పై మార్కులు తేడా! వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి గేమ్‌ని తీసేసింది, అడిగినవాళ్లకి రీఫండ్ ఇస్తామంది. మళ్లీ స్టోర్‌లోకి రావడానికి 2021 జూన్ దాకా పట్టింది.

ఇందులో ఇంకో ట్విస్ట్ ఉంది. 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చింది. స్కిల్స్ సిస్టమ్, పోలీసులు వెంటపడే పద్ధతి, చాలా మార్చేశారు. ఇప్పుడు ఆడితే నిజంగా వేరే గేమ్. కానీ ఆ 86 మాత్రం 2020లో ఎక్కడుందో అక్కడే ఉంది. ఇంటర్ మార్కులు చూసి మనిషిని ఇప్పటికీ అంచనా వేసే చుట్టాలు ఉంటారు చూడండి, అలా అన్నమాట.

రివర్స్‌లో కూడా జరుగుతుంది. ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీఎస్5లో 2022లో వచ్చి మంచి స్కోర్ తెచ్చుకుంది. 2023 మార్చిలో పీసీకి వస్తే క్రాష్‌లు, షేడర్లు కంపైల్ అవడానికే బోలెడంత టైమ్. ఈ షేడర్ల గోల కొంచెం చెప్పాలి. గేమ్‌లో వెలుగు, నీడ, నీళ్లు ఎలా కనపడాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్‌లే షేడర్లు. కన్సోల్ అయితే అందరిదీ ఒకే చిప్ కాబట్టి ముందే తయారుచేసి పంపిస్తారు. పీసీలో ఒక్కొక్కరిదీ ఒక్కో గ్రాఫిక్స్ కార్డ్, అందుకని మీ మెషీన్ మీదే కూర్చుని తయారవ్వాలి. ప్రాసెసర్ వీక్ అయితే అంత ఎక్కువసేపు. ఈలోపు స్టీమ్ లెక్కలో మీరు గేమ్ "ఆడుతున్నట్టే". అక్కడ కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు ఉంటేనే రీఫండ్ గ్యారంటీ. స్లో మెషీన్ ఉన్నవాడికే రీఫండ్ గడియారం ఫాస్ట్‌గా తిరుగుతుంది!

ఇక మెటాక్రిటిక్ నంబర్ ఎలా వస్తుందో చూద్దాం. బోలెడన్ని రివ్యూల స్కోర్లు తీసుకుని యావరేజ్ చేస్తారు. మామూలు యావరేజ్ కాదు, ఒక్కో పత్రికకి ఒక్కో వెయిట్, అదెంతో బయటికి చెప్పరు. 75 దాటితే ఆకుపచ్చ, 50 దాటితే పసుపు, కింద ఎరుపు. నాకు యావరేజ్ అంటేనే భయం. ఆఫీసులో డ్యాష్‌బోర్డ్ మీద యావరేజ్ రెస్పాన్స్ టైమ్ బ్రహ్మాండంగా ఉండేది. అర్ధరాత్రి ఫోన్ మోగేది మాత్రం ఆ చివరి ఒక్క శాతం కస్టమర్ల వల్ల. మన దగ్గర గేమ్ కొనే కాలేజీ పిల్లల్లో చాలామంది ఆ చివర ఉన్నవాళ్లే అని నా అనుమానం.

ఈ నంబర్ మీద అవతలివాళ్ల జీతాలు కూడా ఆధారపడతాయి. ఫాల్అవుట్ న్యూ వెగాస్, 2010. తీసింది అబ్సిడియన్ స్టూడియో. మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అని డీల్. వచ్చింది 84. ఒక్క మార్కు! ఆ టీమ్‌లో పనిచేసిన క్రిస్ అవెలోన్ 2012లో ట్విటర్‌లో ఈ విషయం చెప్పాడు. రిలీజ్ టైమ్‌లో దాంట్లో బగ్స్ ఉన్నమాట నిజమే, రివ్యూయర్లది తప్పనలేం. కానీ ఈరోజు ఆ సిరీస్‌లో బెస్ట్ ఏది అంటే దాని పేరు చెప్పేవాళ్లకి లెక్కలేదు.

"పదికి ఏడు వస్తే బాలేదన్నట్టేనా అన్నా" అని చాలామంది అడుగుతారు. తెలుగు సినిమా రివ్యూలు చదివే మనకి ఇది కొత్తగా చెప్పాలా? ఐదుకి 2.75 అంటే లెక్క ప్రకారం 55 శాతం. కానీ దాని అర్థం లెక్కలో ఉండదు, మనందరికీ తెలుసు. గేమ్ సైట్లలో కూడా ఆరు కింద ఇచ్చేది తక్కువ. అందుకే ఏడు అనగానే మనకి ఫెయిల్ అయినట్టు వినపడుతుంది.

మరి క్రిటిక్స్‌ని వదిలేసి ప్లేయర్ల రివ్యూలే చూద్దామా? అక్కడ వేరే సమస్య. 2024 మేలో హెల్‌డైవర్స్ 2 ఆడాలంటే పీఎస్ఎన్ అకౌంట్ లింక్ చేయాల్సిందే అని సోనీ అంది. చాలా దేశాల్లో ఆ సర్వీసే లేదు. స్టీమ్‌లో రెండు లక్షలకు పైగా నెగెటివ్ రివ్యూలు పడ్డాయి, కొద్ది రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. ఆ కోపం న్యాయమైనదే. అయితే గేమ్ ముందురోజు ఎలా ఉందో ఆ రోజూ అలాగే ఉంది. ఆ వారం రేటింగ్ చూసి గేమ్ ఎలా ఉందో తెలుసుకోవాలనుకున్నవాడికి మాత్రం ఏమీ తెలియదు.

అయినా నేను ప్లేయర్ రివ్యూలు చదువుతాను, పర్సెంటేజ్ కోసం కాదు. స్టీమ్‌లో ప్రతి రివ్యూ పక్కన ఎన్ని గంటలు ఆడారో ఉంటుంది. "రీసెంట్" రివ్యూలు విడిగా ఉంటాయి. వాటిలో 1650 అనో 3050 అనో వెతుకుతాను. ఆ కార్డ్‌తో నలభై గంటలు ఆడినవాడు రాసిన రెండు లైన్లు నాకు ఏ 90 కన్నా ఎక్కువ. ఫోన్ గేమ్స్ ఆడేవాళ్లు ఇది గమనించండి: ప్లే స్టోర్‌లో మీకు కనిపించే రేటింగ్ మీ దేశం వాళ్లు ఇచ్చిందే, ఫోన్‌కీ ట్యాబ్లెట్‌కీ వేరేగా లెక్కేస్తారు. పని కొంచెం తేలిక. కానీ పన్నెండు వేల ఫోనూ లక్ష రూపాయల ఫోనూ అక్కడ కూడా ఒకే గంపలో ఉంటాయి.

సో, ఈ ఛానల్లో ఇక నుంచి పదికి ఇంత అని ఉండదు. స్పాన్సర్ పంపినా సరే. వీడియో మొదటి నిమిషంలోనే ఏ మెషీన్, ఎన్ని గంటలు ఆడాను, నా డబ్బులతో కొన్నానా ఫ్రీ కాపీయా, ఇవి చెప్పేస్తా. ఓఎల్ఎక్స్‌లో ఒక సెకండ్ హ్యాండ్ 1650 ల్యాప్‌టాప్ కొన్నాను, హింజ్ కొంచెం లూజు, ఫ్యాన్ మిక్సీలా అరుస్తుంది. ప్రతి గేమ్ దాని మీద కూడా ఆడి, ఆ ఫుటేజ్ కట్ చేయకుండా చూపిస్తాను.

ఆ తమ్ముడి గేమ్‌తోనే మొదలుపెట్టాను. రిజల్యూషన్ 720పీకి దించి, నీడలు తగ్గించి, ఎఫ్ఎస్ఆర్ ఆన్ చేస్తే 35 ఫ్రేమ్స్ దాకా వస్తోంది. ఊళ్లోకి వెళ్తే మళ్లీ 20కి పడిపోతోంది. సెట్టింగ్స్ స్క్రీన్‌షాట్ అతనికి పంపాను. "ఊళ్లోకి వెళ్లకుండా ఆడతాలే అన్నా" అని రిప్లై ఇచ్చాడు.